నాసిక్‌లో సందడి లేకుండా, తక్కువ ఖర్చుతో చూడదగిన వైనరీలు ఏవి?

నమస్కారం. మేము విశాఖపట్నం వాసులం. వచ్చే ఫిబ్రవరిలో అమ్మను తీసుకుని శిరిడీ వెళ్తున్నాము. దర్శనం అయ్యాక, అక్కడికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న నాసిక్‌లో రెండు రోజులు ఆగి, త్ర్యంబకేశ్వరంతో పాటు ద్రాక్షతోటలను, వైన్ తయారుచేసే వైనరీలను కూడా చూడాలని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాము. మన ఊళ్లో ‘వైన్స్’ అంటే మందు దుకాణమే కనుక, ఈ రెండో సంగతి అమ్మకు ఎలా చెప్పాలన్నది వేరే సమస్య.

అక్కడ జనవరి నుంచి మార్చి వరకు ద్రాక్ష కోతలు జరుగుతాయి కనుక, మేము వెళ్లే సమయం అనువైనదేనని భావిస్తున్నాను. గంగాపూర్ జలాశయం దగ్గర ఉన్న సులా, యార్క్ వైనరీల పేర్లు అందరూ చెబుతున్నారు. అయితే శని, ఆదివారాల్లో ముంబయి నుంచి వచ్చే జనంతో కిక్కిరిసే చోటు కాకుండా, కూర్చుని నిదానంగా నాలుగు రకాలు రుచి చూస్తూ, షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్లకు తేడా ఏమిటని అడిగితే విసుక్కోకుండా చెప్పే చిన్న వైనరీ ఏదైనా ఉంటే తెలియజేయగలరు.

ముగ్గురికీ భోజనంతో కలిపి మూడు వేల రూపాయలు దాటకూడదన్నది మా లెక్క, ఇది సాధ్యమేనా? ముందుగా బుక్ చేసుకోవాలా? అమ్మ తాగదు, శాకాహారి. ఆమెకు నీడన కూర్చుని గోదావరి నీళ్లను చూసే వీలుంటే చాలు. తాగి బండి నడపడం ఇష్టం లేక డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవాలనుకుంటున్నాము. రోజుకు ఎంత అడుగుతారో ఇటీవల వెళ్లివచ్చినవారు చెప్పగలరా?