అరువు సొమ్ము బరువు చేటు: ప్రాసెసర్లకు అతుకుతుందా?

తిరుపతిలో ఇంజనీరింగ్ పిల్లలకు స్వదేశీ ప్రాసెసర్ల గురించి చెప్పాలి. ఈ సామెతతో మొదలుపెడదామని ఉంది: "అరువు సొమ్ము బరువు చేటు, తీయా పెట్టా తీపుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు." రెండో పాదం దగ్గర ఆగి, ఊరి పేర్లతో పిలుచుకునే మన గుంపులో అడిగినా. తీపి చేటెట్లా అవుతుంది?

చంద్రగిరి అక్క: తీపి కాదు నాయనా, తీపు. ఒళ్ళు తీపులంటామే, ఆ నొప్పి. సొమ్మంటే ఇక్కడ నగలు. ఎరవు కమ్మలు పెట్టినప్పుడల్లా, తీసినప్పుడల్లా చెవి లాగుతుంది.

పలమనేరు: అయితే భలే అతుకుతుంది సార్. ఆర్మ్ కోర్ (బ్రిటన్ కంపెనీ ఆర్మ్ గీసిచ్చే ప్రాసెసర్ డిజైన్) తెచ్చుకుంటే ముందు లైసెన్స్ రుసుము, తర్వాత చిప్ చిప్‌కూ రాయల్టీ. లోపల మార్చుకోవాలంటే ఆ లైసెన్స్ చాలదు. మూడో పాదానికి సాక్ష్యం 2015. చైనా సూపర్‌కంప్యూటర్ కేంద్రాలకు ఇంటెల్ జియాన్ చిప్‌లు పోకుండా అమెరికా అడ్డం పడింది. మరుసటేడే వాళ్ళు సొంత ప్రాసెసర్‌తో సన్‌వే తైహులైట్ కట్టి ప్రపంచంలో మొదటి స్థానం కొట్టినారు.

చంద్రగిరి అక్క: అది మూడో పాదం కాదబ్బా. మూడోది నగ పోగొట్టుకోవడం. అక్కడ నగ గల్లామె ఈయనన్నది, అంతే. ఈ సామెతలో ఆ మాటే లేదు.

శ్రీకాళహస్తి: అక్క మాట నిజం. ఇంకోటి, రిస్క్-ఫైవ్‌లో అరువేది? 2010లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టిన ఆ ఆదేశాల పట్టికకు, అంటే ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాల జాబితాకు, రుసుమే లేదు. మద్రాస్ ఐఐటీ 'శక్తి', కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ 'వేగ' దాని మీద కట్టిన ప్రాసెసర్లే. కాకపోతే 2018లో ఒక శక్తి చిప్ ఇంటెల్ వాళ్ళ 22 నానోమీటర్ల ఫ్యాబ్‌లో (చిప్‌లు చేసే ఫ్యాక్టరీ; నానోమీటర్లు తగ్గేకొద్దీ కొత్త తరం) తయారైంది. డిజైన్ మనది, ఫ్యాబ్ వాళ్ళది. 'స్వదేశీ' అని ఊరకే అనేసేవాళ్ళను ఏ భాగమని అడగాల.

పలమనేరు: రెండూ మనవే అయినవి లేవా?

శ్రీకాళహస్తి: ఇస్రో 'విక్రమ్ 3201' ఉందిగా. తయారీ మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీలో, 180 నానోమీటర్లు. 2024 డిసెంబరులో మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి పోయిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్‌లో దాన్ని పరీక్షించినారు. పాతకాలపు కొలతే, ఫోన్‌కు పనికిరాదు. రాకెట్‌కు కావాల్సింది వేడి, అదురు తట్టుకునే గట్టితనం.

చంద్రగిరి అక్క: ఇదీ చెప్పాల్సింది. సామెత రెండు పాదాలతో ఆపేయి నాయనా.

సరే అక్కా, మూడోది తీసేస్తా. విక్రమ్‌తోనే మొదలుపెడతా, సామెత ఆర్మ్ లైసెన్స్ దగ్గర వస్తుంది.