పాత రైటింగ్ బాక్స్: పూత తీసేసి కొత్తగా పాలిష్ చేయాలా, ఉన్న పూతనే కాపాడుకోవాలా?

పాతసిరా:
నా దగ్గర 19వ శతాబ్దం నాటి రైటింగ్ బాక్స్ ఒకటి ఉంది. చూడనివాళ్ల కోసం చెబుతున్నా, మూసి ఉంటే మామూలు చెక్కపెట్టె, తెరిస్తే రెండు పలకలూ కలిసి ఏటవాలుగా రాసుకునే బల్ల అవుతుంది. పై అంచున సిరాబుడ్డికి, కలాలకి అరలు, పలకల కింద కాగితాలు దాచుకునే చోటు ఉంటాయి. నా పెట్టె పైన్ చెక్క మీద మహాగని వెనీర్ (పల్చటి చెక్కపొర) అతికించి చేసింది, మూలలకి ఇత్తడి బిళ్లలు. ఇప్పటి పరిస్థితి ఏమిటంటే పై పూత బాగా నల్లబడి మూత మీద ఎండిన చెరువులా పగుళ్లు తీసింది. ముందు మూలలో గోరంత వెనీర్ ఊడిపోయింది, పక్కన ఒకచోట బుడగలా లేచింది. రాసుకునే పలక మీద తోలు ముట్టుకుంటే ఎర్రటి పొడి రాలుతోంది. సిరాబుడ్డి అర చుట్టూ నల్లటి మరక. మెషీన్ ఏదీ వాడకుండా చేత్తోనే బాగుచేయాలని నా కోరిక. పూత మొత్తం తీసెయ్యమని ఒకరంటే, అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు అంటున్నారు. ఏది చెప్పినా కారణంతో చెప్పండి.

చిత్రిక:
తీసేయండి, ఆలోచించకండి. అది రాసుకోవడానికి చేసిన వస్తువు, అద్దాల బీరువాలో పెట్టి దూరం నుంచి చూడటానికి కాదు. ఆ నలుపు కింద మహాగని ఎరుపు, చెక్క గీతలు కనపడనప్పుడు అంత మంచి చెక్క ఎంచి అతికించినవాడి పనితనం ఎవరికి తెలుస్తుంది? రిమూవర్ పూసి, మెత్తబడ్డాక గీకి, 120 శాండ్ పేపర్‌తో మొదలుపెట్టి 240 దాకా రుద్ది, ఆ పైన చేత్తో ఫ్రెంచ్ పాలిష్, అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క పూత. ఓపిక ఉంటే పెట్టె కళకళలాడుతుంది.

లక్కపూత:
చిత్రిక గారూ, ఆ శాండ్ పేపర్ మాట దగ్గర మాత్రం ఆగాల్సిందే. ఆ కాలంలో వెనీర్‌ని రంపంతో కోసేవారు కాబట్టి మిల్లీమీటరు, కొన్నిచోట్ల ఇంకాస్త మందం ఉండేది. ఇప్పుడు కత్తితో పొరలుగా తీసే వెనీర్ 0.6 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. మందంగా ఉందిగా అని ధైర్యం చేయడానికి లేదు, ఎందుకంటే మనకంటే ముందు ఎంతమంది ఆ పెట్టెని రుద్దారో మనకి తెలియదు, పైగా అంచుల దగ్గర మన చెయ్యి తెలియకుండానే ఎక్కువ నొక్కుతుంది. ఒక్కసారి కింద ఉన్న పైన్ తెల్లగా బయటపడిందా, ఇక చేసేదేం లేదు, రంగు పూసి దాచుకోవడమే.

ఇంకొకటి. వెలుతురు, గాలి, చేతులు తగిలి మహాగనికి వచ్చిన ఆ రంగు చెక్క పైపొరలోనే ఉంటుంది. రుద్దితే పోయేది మురికి మాత్రమే కాదు, ఆ రంగు కూడా. తర్వాత ఎంత బాగా పాలిష్ చేసినా అది నిన్న చేసిన పెట్టెలాగే కనిపిస్తుంది.

చిత్రిక:
శాండ్ పేపర్ విషయంలో మీరన్నది ఒప్పుకుంటా, వెనీర్ మీద అది ప్రమాదమే, రిమూవర్, స్పిరిట్ (పాలిష్‌కి వాడే ఆల్కహాల్)‌తోనే తీయొచ్చు. కానీ అసలు ప్రశ్న అది కాదు. మీరు 'అసలు పూత' అని దేన్ని అంటున్నారు? ఫ్రెంచ్ పాలిష్ పూత శాశ్వతంగా ఉండాలని ఎవరూ వేయలేదు, మాసినప్పుడల్లా మళ్లీ పూసుకునేవారు. ఈ పెట్టె మీద ఉన్నది మొదటి పనివాడు పూసిందో, నలభై ఏళ్ల తర్వాత ఇంకెవరో పూసిందో, ఎవరో డబ్బాలోంచి తీసి పులిమిన వార్నిషో ఎవరికీ తెలియదు. తెలియని పూత కోసం తెలిసిన చెక్కని చీకట్లో ఉంచడం ఏం న్యాయం? పాతదనం వేరు, మురికి వేరు.

గూటంచెక్క:
ఇద్దరూ వాదించుకునే ముందు ఆ పూత ఏమిటో తేల్చండి. పెట్టె అడుగున, ఎవరికీ కనపడని చోట, దూది పుల్లని స్పిరిట్‌లో ముంచి కాసేపు ఆనించండి. జిగటగా మారితే లక్క పాలిష్. కదలకపోతే థిన్నర్‌తో చూడండి, దానికి కరిగితే నైట్రోసెల్యులోజ్ లాకర్, అది 1920ల నుంచే వాడుకలోకి వచ్చింది కాబట్టి తర్వాత ఎవరో వేసిందని అర్థం. రెండింటికీ లొంగకపోతే పాత నూనె వార్నిష్ కావచ్చు, పాలియురేథేన్ లాంటి ఈ కాలపు ప్లాస్టిక్ పూతైనా కావచ్చు. ప్లాస్టిక్ పూతే అయితే చిత్రిక గారి పక్షాన నేనే మాట్లాడతా.

లక్కపూత:
గూటంచెక్క గారు చెప్పింది మొదటి మెట్టు. దానికి ముందు ఇంకో పని ఉంది, చాలామంది దాన్ని వదిలేసి నేరుగా రిమూవర్ డబ్బా మూత తీస్తారు, నా బాధంతా అక్కడే.

నల్లగా ఉన్నదంతా చెడిపోయిన పూత కాదు. ఏళ్ల తరబడి రాసిన మైనం, దీపాల మసి, చేతుల జిడ్డు, దుమ్ము ఒకదానిమీద ఒకటి పేరుకుని ఆ నలుపు వస్తుంది. మినరల్ టర్పెంటైన్‌లో తడిపిన దూదితో కొంచెం కొంచెం మేర తుడిస్తే మైనం, జిడ్డు కరిగి వస్తాయి, లక్క పూత మాత్రం దానికి కరగదు, ఇదే మనకి కావలసింది. ఆ తర్వాత కూడా మిగిలే మసికి దూదిని డిస్టిల్డ్ వాటర్‌తో అంటీ అంటనట్టు తడిపి తుడిచి వెంటనే ఆరబెట్టాలి, తడి ఎక్కువైతే లక్క తెల్లబడుతుంది, వెనీర్ కింది జిగురు కూడా వదులుతుంది. ఉమ్మితో తుడవడం మ్యూజియంలలో పనిచేసేవాళ్లు నిజంగానే చేస్తారు, అందులో ఉండే ఎంజైములు కొన్ని రకాల మురికిని విడగొడతాయి. అమోనియా ఉన్న క్లీనర్లు మాత్రం దగ్గరికి రానివ్వద్దు, అవి లక్కని కరిగిస్తాయి. మెరుపు కోసం సిలికోన్ స్ప్రేలు అసలే వద్దు, తర్వాత ఏ పూత వేసినా ముడుచుకుని గుంటలు పడుతుంది.

ఇంతా చేశాక మూత మీద పగుళ్లు మిగిలితే, పూత లక్కే అని తేలితే, దాన్ని తీయకుండానే కలపవచ్చు. కుంచెతో స్పిరిట్ పల్చగా తాకిస్తే పాత లక్క మెత్తబడి పగుళ్లు తమంతట తామే మూసుకుంటాయి. పూర్తిగా ఆరాక పైన పల్చటి లక్క. పాతదీ కొత్తదీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చిత్రిక గారు అడిగిన 'అసలు పూత ఏది' అన్నదానికి నా జవాబు ఇదే, మొదటి పొర ఏదో నాకు తెలియదు, తెలియనప్పుడు దాన్ని డబ్బాలో గీకి పారేసే హక్కు నాకుందని అనుకోను. ఇవాళ ఉంచితే రేపు తీయొచ్చు. ఇవాళ తీస్తే రేపు తెచ్చిపెట్టలేం.

తాళంచెవి:
ఈ గొడవ కొత్తది కాదు. ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దంలో పాత చర్చిలని బాగుచేస్తున్నామంటూ గోడల మీది పాత గచ్చు గీకేస్తుంటే కవి, డిజైనర్ విలియం మారిస్ వగైరా 1877లో పురాతన కట్టడాల రక్షణ కోసం సంఘం పెట్టారు, దానికి 'గీకుడు వ్యతిరేకులు' అనే ముద్దుపేరు కూడా ఉండేది. రాతిగోడల మీదే అంత పట్టింపు ఉంటే, మిల్లీమీటరు వెనీర్ మీద ఇంకెంత ఉండాలి!

చిత్రిక:
చర్చి గోడ దగ్గర కూర్చుని ఎవరూ ఉత్తరాలు రాయరు కదండీ. వాడే వస్తువుకి వేరే న్యాయం ఉంటుందనే నేను చెప్పేది. వాడకపోతే కీళ్లు బిగుసుకుంటాయి, అరలు పట్టేస్తాయి, చివరికి అటక మీదికి పోతుంది. అందంగా ఉంటేనే మనిషి దాన్ని బల్ల మీద పెట్టుకుంటాడు, బల్ల మీద ఉంటేనే అది బతుకుతుంది. ఇది మాత్రం నేను వదలను.

పాతసిరా:
అడుగున పరీక్ష చేశాను. స్పిరిట్‌కి జిగటగా మారింది, లక్కే. టర్పెంటైన్‌తో ఒక పక్క తుడిస్తే దూది కాఫీ రంగుకి తిరిగింది, కింద నిజంగానే ఎర్రటి చెక్క కనిపిస్తోంది, పూత అక్కడక్కడ గీతలు పడినా గట్టిగానే ఉంది. మూత మీది పగుళ్లు మాత్రం అలాగే ఉన్నాయి, కొన్ని లోతుగా. ఊడిన వెనీర్ ముక్కకీ బుడగకీ తెల్ల జిగురు వాడొచ్చా?

గూటంచెక్క:
వద్దు. తెల్ల జిగురు గట్టిగా పడుతుంది, చిక్కంతా ఆ గట్టిదనంతోనే. రేపు ఇంకెవరైనా విప్పాలంటే వెనీర్ చీలుతుంది, చెక్క రంధ్రాల్లోకి దిగిన చోట తర్వాత ఏ జిగురూ పట్టదు. ఆ కాలపు పెట్టెలు జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురుతో అతికించినవి. ఆ పలుకులు ఇప్పుడూ దొరుకుతాయి. చల్లటి నీళ్లలో నానబెట్టి, గిన్నెని వేడినీళ్లలో ఉంచి 60 డిగ్రీల దగ్గర కరిగించండి, మరిగిస్తే పటుత్వం పోతుంది. వేడికీ తడికీ పాత జిగురు కూడా మళ్లీ కరిగి కొత్తదానితో కలుస్తుంది కాబట్టి పాతదంతా గోకనక్కర్లేదు, దుమ్ము తీస్తే చాలు.

బుడగకి చెక్క గీతల వెంటే పదునైన బ్లేడుతో సన్నగా కోత పెట్టి, పల్చటి జిగురు సిరంజితో లోపలికి పంపి, పైన ప్లాస్టిక్ కాగితం, దానిమీద చదునైన చెక్కముక్క పెట్టి క్లాంప్ బిగించండి. ఇస్త్రీ పెట్టె వేడితో అదమమని చెప్పేవాళ్లుంటారు, పైన లక్క ఉండగా ఆ పని చేస్తే పూత తెల్లబడి అంటుకుపోతుంది. ఊడిన చోటుకి మహాగని ముక్కనే, గీతల దిశ కలిసేలా, పాత వెనీర్ మందానికి తగ్గట్టు అమర్చండి. ముక్కని కోసి పాతదానికి సరిపెట్టాలి గానీ, ముక్కకి సరిపోయేలా పాత వెనీర్‌ని కోయకండి.

చిత్రిక:
జిగురు విషయంలో నూటికి నూరు పాళ్లు సరే. ఇక మరక సంగతి. ఆ కాలపు సిరాలో ఇనుము ఉండేది, మాచికాయలోని టానిన్‌తో కలిసి ఆ నలుపు వస్తుంది. ఆక్సాలిక్ ఆసిడ్ పూస్తే ఇనుము మరక విడిపోతుంది. పూయండి, కడగండి, అయిపోతుంది.

లక్కపూత:
అది పనిచేసేది పూత లేని చెక్క మీద. అంటే మరక చుట్టూ పూత తీయాలి, ఆసిడ్ తగిలిన చోట చెక్క రంగు తేలిపోతే దాన్ని మళ్లీ చుట్టుపక్కలతో కలపాలి, కడగటానికి నీళ్లు పోస్తే ఆ సన్నటి అరల అతుకులు వదులుతాయి. పైగా అది విషం, పొడి పీల్చకూడదు, గ్లవ్స్ తప్పనిసరి. నల్లటి వలయం కోసం ఇంత చేయాలా? సిరాబుడ్డి పెట్టే చోట సిరా మరక ఉండటంలో తప్పేముంది, అక్కడ కూర్చుని ఎవరో రాశారనేగా అర్థం. నేనైతే ముట్టుకోను.

చిత్రిక:
ఇది నేను ఒప్పుకుంటున్నా, మరక ఉండనివ్వండి. మూత మీద మాత్రం స్పిరిట్ తాకించి చూడండి, లోతు పగుళ్లు మూసుకోకపోతే ఆ ఒక్క పలక వరకే పూత తీయండి, మిగతాదాన్ని ముట్టుకోకండి. రిమూవర్ కొనేటప్పుడు మిథిలీన్ క్లోరైడ్ ఉందేమో చూసుకోండి. ఆ ఆవిరి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి, అమెరికాలో ఇళ్లలో వాడేందుకు అమ్మడం 2019లో నిషేధించారు. లక్కకి స్పిరిటే సరిపోతుంది, దానికైనా కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని పనిచేయండి.

తాళంచెవి:
పాతసిరా గారూ, ఇత్తడి మూలలు ఊడదీయకండి, సన్నటి చీలలు విరుగుతాయి. పాలిష్ పేస్టు చెక్క సందుల్లోకి పోతే తెల్లగా మిగిలిపోతుంది, అందుకే చుట్టూ టేపు అంటించి కొంచెం కొంచెం రుద్దండి. కలాల అర పక్కనున్న సన్న పలకని మెల్లగా కదిపి చూశారా? చాలా పెట్టెల్లో దాని వెనక స్ప్రింగు, రహస్యపు సొరుగులు ఉంటాయి. బలవంతం చేయకండి, స్ప్రింగు తుప్పు పట్టి ఉంటే పలక విరుగుతుంది.

పాతసిరా:
ఆ పలక ఇంకా చూడలేదు, చూస్తాను. మూతకి మీ ఇద్దరూ కలిసి చెప్పిన దారే. ఇక మిగిలింది తోలు.

చిత్రిక:
తోలు మార్చేయండి. పొడి రాలే తోలు మీద కాగితం పెట్టి ఎలా రాస్తారు? కాగితమంతా ఎర్రబడుతుంది. పల్చటి కొత్త తోలు, గోధుమ గంజితో అతికిస్తే తర్వాత తడిపి ఊడదీయొచ్చు కూడా.

లక్కపూత:
ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించను. అలా పొడి రాలడానికి కారణం తోలులో పేరుకున్న ఆమ్లం, నూనె రాస్తే తగ్గదు, నల్లబడుతుంది. హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే పొడిని స్పిరిట్‌లో కలిపి కుంచెతో అద్దితే పొడి ఆగుతుంది, తోలు అంచున ఉన్న బంగారు గీతల అద్దకం కూడా దక్కుతుంది. స్పిరిట్ చుట్టూ ఉన్న లక్కకి తగలకుండా అంచు దాకా వెళ్లకండి. రాసేటప్పుడు పైన మందపాటి అట్ట పెట్టుకోండి.

చిత్రిక:
రాసే పెట్టె మీద అట్ట పరుచుకుని రాయడం నాకు మింగుడు పడదు. మార్చినా సరే పాత తోలు పారేయకండి, చదునుగా కాగితాల మధ్య పెట్టి పెట్టె అడుగు అరలోనే ఉంచండి. ఏ జిగురు, ఏ పూత ఎక్కడ వాడారో కాగితం మీద రాసి దాంతోపాటే పెట్టండి.

పాతసిరా:
ముందు పొడి ఆగుతుందేమో ఒక మూలలో చూస్తా. ఆగితే తోలు ఉంటుంది, ఆగకపోతే చిత్రిక గారన్నట్టు మారుస్తా. కాగితం ఎలాగూ రాస్తాను.