కోరింగ మడ అడవికి రక్షణ తొలగిస్తే అడ్డుచెప్పేదెలా?

ప్రశ్న: రొయ్యల చెరువుల కోసం కోరింగ అభయారణ్యం అంచున కొంత భూమికి రక్షణ తొలగిస్తే మేలని మా తాళ్ళరేవు వైపు కొందరు పెద్దలు అంటున్నారు. 1978లో ప్రకటించిన ఈ అడవి అందరిదీ కదా, మేము అభ్యంతరం ఎలా తెలపాలండీ?

జవాబు: వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 26ఎ సెక్షన్ ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేనిదే రాష్ట్ర ప్రభుత్వం అభయారణ్యం సరిహద్దులు మార్చకూడదు. కాబట్టి గ్రామసభలో తీర్మానం చేయించి, ప్రతులను అటవీశాఖకూ ఆ మండలికీ పంపండి.

మరో జవాబు: నీటిపిల్లులు, నీటికుక్కల సంగతితో పాటు మన బతుకు సంగతీ రాయండి. మడచెట్ల వేళ్ళ మధ్యనే రొయ్యపిల్లలూ పీతలూ ఎదుగుతాయి, ఉప్పెన వేగాన్ని తగ్గించేదీ ఆ చెట్లే. 1996 తుపానును కళ్ళారా చూసిన నేను, ఒక్క ఎకరం వదులుకోవడానికైనా ఒప్పుకోను.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. తీర్మానం ముసాయిదా ఈ రాత్రే రాస్తాను.