ఆష్విట్జ్‌లోని ఆ జుట్టును అద్దం వెనక ఉంచాలా, పూడ్చిపెట్టాలా?

బాటసారి:
ఈమధ్యే పోలండ్ వెళ్లి ఆష్విట్జ్ చూశాను, రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు యూదులను లక్షల్లో చంపిన శిబిరం అది, ఇప్పుడు మ్యూజియం. నాలుగో నంబరు భవనం పై అంతస్తులో, పొడవాటి అద్దం వెనక అక్కడ చంపిన ఆడవాళ్ల జుట్టు కుప్పపోసి ఉంది. దాదాపు రెండు టన్నులు. అల్లిన జడలు అల్లినట్టే ఉన్నాయి. రంగులన్నీ వెలిసిపోయి అంతా ఒకే బూడిద వన్నెకు వచ్చింది. అక్కడ ఫోటోలు తీయనివ్వరు, అది మంచిదే. కానీ అక్కడే ప్రదర్శించిన వాళ్ల బూట్లు, సూట్‌కేసులు వేరు, జుట్టు వేరు. అది దేహంలో భాగం. ఆ తల్లులను ఎవరూ అనుమతి అడగలేదు. గౌరవంగా పూడ్చిపెట్టాలని నా అభిప్రాయం.

పాత పుటలు:
నేను ఒప్పుకోను. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం అక్కడికి చేరేసరికి దాదాపు ఏడు టన్నుల జుట్టు సంచుల్లో కట్టి ఉంది. కిలో యాభై ఫెన్నిగ్‌ల (జర్మన్ పైసల) చొప్పున జర్మన్ కంపెనీలకు అమ్మేవారు, వాళ్లు దానితో బట్ట నేసేవారు. పోలండ్‌లోని క్రాకోలో పరీక్షిస్తే అందులో సయనైడ్ ఆనవాళ్లు దొరికాయి, గ్యాస్ గదుల్లో జనాన్ని చంపిన విషం అదే. గ్యాస్ గదులే లేవని బుకాయించేవాళ్లు నేటికీ ఉన్నారు. సాక్ష్యాన్ని మట్టిలో కలిపేద్దామంటారా?

బాటసారి:
పరీక్షల నివేదికలు ఎక్కడికీ పోవు కదా. అమెరికాలో వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ (యూదుల ఊచకోత) మ్యూజియంవారూ ఈ జుట్టును ప్రదర్శించాలనుకున్నారు. ‘అందులో మా అమ్మ జుట్టు ఉండవచ్చు’ అని ప్రాణాలతో బయటపడినవారు అభ్యంతరం చెప్పడంతో మానుకున్నారు. ఇప్పుడు అక్కడ ఉన్నది దాని ఫోటో మాత్రమే. అంతమాత్రాన చూసేవాళ్ల నమ్మకం ఏమైనా తగ్గిందా?

గోదారి గట్టు:
తిరుమలలో మన తలనీలాలను వేలం వేస్తారు, మనం పట్టించుకుంటామా? ఇంత రాద్ధాంతం అవసరమా అని.

పాత పుటలు:
గోదారి గట్టు గారూ, మొక్కు తీర్చుకుంటూ ఇచ్చినదానికీ, చంపి శవం మీద నుంచి కోసుకున్నదానికీ పోలికా? ఆ మాట ఇంతటితో వదిలేయండి.

బాటసారి గారూ, వాషింగ్టన్‌కైతే సముద్రం దాటించి తీసుకుపోవాలి, అక్కడ వద్దనడం సబబే. ఆష్విట్జ్ అలా కాదు. సుమారు 11 లక్షల మందిని చంపిన చోటు, అందులో దాదాపు పది లక్షల మంది యూదులు. ఆ శిబిరంలో భాగమైన బిర్కెనావ్ చెరువుల్లో కలిపింది వాళ్ల బూడిదనే. ఆ నేలంతా శ్మశానమే అయినప్పుడు ఇంకెక్కడికి తీసుకుపోయి పూడుస్తారు? పైగా బూట్లను, సూట్‌కేసులను నిపుణులు జాగ్రత్తగా శుద్ధి చేస్తారు గానీ జుట్టును ముట్టుకోరు. దేహావశేషం కాబట్టి దానంతట అది మట్టి కావాలని వదిలేశారు.

బాటసారి:
చోటు గురించి మీరన్నది సరే. మరి ఆ గుంపుల సంగతి? ఒక జట్టు చూస్తుండగానే వెనక జట్టు తోసుకొస్తుంది. నిలబడి తల వంచే వ్యవధి కూడా దొరకదు. కనీసం ఒక తెర వేసి, చూడాలనుకున్నవాళ్లనే లోపలికి పంపవచ్చు కదా?

పాత పుటలు:
తెర వేస్తే అది వింతవస్తువు అయిపోతుంది. గుంపులను తగ్గించమనండి, మీతో పాటు నేనూ అడుగుతాను.