నీటి అడుగున 120 డెసిబెల్స్: ఈ కొలతను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న:
ఓడల మార్గానికి దగ్గరలో హైడ్రోఫోన్ (నీటి అడుగున శబ్దాన్ని పట్టే మైకు) దించి రికార్డు చేసిన శబ్దం సగటున 120 డెసిబెల్స్ అని సాఫ్ట్‌వేర్ చూపిస్తోంది. గాలిలో అది చెవులు భరించలేని స్థాయి కదా, మరి అక్కడ చేపలు, డాల్ఫిన్లు ఎలా బతుకుతున్నాయి? ఈ అంకెను బట్టి జీవులకు హాని ఉందని నివేదికలో రాయవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
ముందుగా గాలితో పోలిక మానుకోండి. గాలిలో డెసిబెల్స్‌ను 20 మైక్రోపాస్కల్స్ పీడనం ఆధారంగానూ, నీటిలో 1 మైక్రోపాస్కల్ ఆధారంగానూ లెక్కిస్తారు కాబట్టి, పీడనం ఒకటే అయినా నీటి లెక్కలో 26 డెసిబెల్స్ ఎక్కువ కనిపిస్తాయి. నీటి సాంద్రత, అందులో ధ్వని వేగం కూడా కలుపుకుని తీవ్రతను పోలిస్తే ఆ తేడా దాదాపు 62కు చేరుతుంది. ఆధార పీడనం, పౌనఃపున్యాల పరిధి, ఎంతసేపటి సగటు అన్న మూడూ రాయని 120కి అర్థమే లేదు.

జవాబు 2:
అసలు ఆ అంకె సముద్రానిదేనా అన్నది కూడా చూడాలి. హైడ్రోఫోన్ సున్నితత్వం, ఆంప్లిఫయర్ గెయిన్ (సంకేతాన్ని అది ఎన్ని రెట్లు పెంచుతోందన్న లెక్క) సాఫ్ట్‌వేర్‌లో సరిగా నమోదు కాకపోతే వచ్చేది ఉత్త అంకె మాత్రమే. ప్రవాహం పరికరాన్ని ఒరుసుకుంటూ పోయినప్పుడు, బిగుసుకున్న తాడు కంపించినప్పుడు, పడవతో పాటు హైడ్రోఫోన్ పైకీ కిందికీ ఊగినప్పుడు తక్కువ పౌనఃపున్యాలలో పుట్టే రొద ఆ కొలతలో కలిసిపోతుంది. 100 హెర్ట్జ్‌ల దిగువన ఉన్న శబ్దం ఆటుపోట్ల వేగంతో పాటే పెరిగి తగ్గుతుంటే దాన్ని అనుమానించవలసిందే. ఓడల రొదకు సూచికలుగా ఐరోపా సమాఖ్య ఎంచుకున్న 63, 125 హెర్ట్జ్‌ల పట్టీలు (పౌనఃపున్యాల శ్రేణులు) కూడా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి కాబట్టి ఈ రొదను ఓడలదిగా పొరబడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. కొలత సరిగానే ఉందనుకుంటే, హాని సంగతి ఏమిటి?

జవాబు 3:
అది వినే జీవిని బట్టి ఉంటుంది. బలీన్ తిమింగలాలు (పళ్లకు బదులు జల్లెడ లాంటి పలకలతో ఆహారాన్ని వడగట్టుకునేవి) తక్కువ పౌనఃపున్యాలలో పిలుచుకుంటాయి కాబట్టి ఓడల రొద వాటి పిలుపులను నేరుగా కప్పివేస్తుంది. డాల్ఫిన్ల వినికిడి 100 కిలోహెర్ట్జ్‌లు దాటినా చురుకుగానే ఉంటుంది కాబట్టి ఒకే శబ్దం ఈ రెండింటికీ ఒకేలా వినిపించదు. చేపల విషయం మరింత చిక్కు: చాలా చేపలు గ్రహించేది నీటి కణాల కదలికను, మీ హైడ్రోఫోన్ కొలిచేది పీడనాన్ని. సముద్ర క్షీరదాల ప్రవర్తనకు భంగం కలిగే స్థాయిగా అమెరికా మత్స్య నియంత్రణ సంస్థ ఎడతెగని శబ్దానికి పెట్టుకున్న అంకె కూడా 120యే, కానీ అది చెవి దెబ్బతినే స్థాయి కాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత కెనడాలోని ఫండీ అఖాతంలో ఓడలు తగ్గి, నీటిలో శబ్దం 6 డెసిబెల్స్ పడిపోయినప్పుడు, అక్కడి రైట్ తిమింగలాల (బలీన్ తిమింగలాలలో ఒక రకం) మలంలో ఒత్తిడి హార్మోన్ల జాడ కూడా తగ్గింది. అక్కడ శబ్దంతో పాటు జీవులను కూడా గమనించినందువల్లనే ఆ మాట చెప్పగలిగారు. మీ దగ్గర శబ్దం రికార్డు ఒక్కటే ఉంటే, హాని ఉందనీ లేదనీ రాయకుండా స్థాయిని మాత్రమే నివేదించండి.