జాలరుల అనుభవం "డేటా" కిందికి రాదా?

ప్రశ్న:
మంచినీటి చేపల వేట మీద ప్రాజెక్ట్ రాస్తున్నాను. చేపలు ఏ నెలలో ఎదురెక్కుతాయో, ఎక్కడ గుడ్లు పెడతాయో, ఏ మడుగులో వల వేయకూడదో నదిని నమ్ముకుని బతికే ఆదివాసీలకు తరతరాలుగా తెలుసని ఎక్కడ చూసినా ఉంది. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈ ఏడు ఎన్ని చేపలు పట్టొచ్చో తేల్చాల్సి వచ్చినప్పుడు ఆ తెలివి అంకెల్లోకి ఎలా వస్తుంది? మా గైడ్ "అది అనుభవం, డేటా కాదు" అనేశారు. ఆ మాట మింగుడుపడట్లేదు, అలాగని ఎదురు చెప్పడానికి నా దగ్గర గట్టి ఉదాహరణా లేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు 1:
బ్రెజిల్‌లోని మమిరావా రిజర్వు (రక్షిత ప్రాంతం) గురించి చదవండి. అమెజాన్‌లో అరపైమా అని ఒక చేప ఉంది, అక్కడివాళ్లు పిరారుకూ అంటారు, మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. గాలి పీల్చకపోతే బతకదు కాబట్టి కొన్ని నిమిషాలకోసారి నీటి పైకి లేచి మునుగుతుంది. ఆ ఒక్క క్షణంలో నీటి కదలికను చూసి, చప్పుడు విని, అది ఎంత పెద్దదో, ఇందాక లేచినదేనా వేరేదా అన్నది చేయి తిరిగిన వేటగాళ్లు చెప్పగలరు. నీళ్లు తగ్గిన కాలంలో సరస్సును భాగాలుగా పంచుకుని, ఒక్కొక్కరు తన భాగంలో 20 నిమిషాల పాటు మీటరు దాటిన చేపలను లెక్కపెడతారు, అందులో మీటరున్నర దాటిన పెద్దవి విడిగా, చిన్నవి విడిగా. లియాండ్రో కాస్టెల్లో అనే పరిశోధకుడు ఈ లెక్కలను, చేపలకు గుర్తులు వేసి వదిలి మళ్లీ పట్టి అంచనా కట్టే పద్ధతితో పోల్చి 2004లో ప్రచురించారు. రెండూ చాలా దగ్గరగా వచ్చాయి! పెద్ద చేపల్లో 30 శాతానికి మించకుండా ఆ ఏటి కోటా పెడతారు. 1999లో అక్కడ మొదలైన ఈ పద్ధతి తర్వాత అమెజాన్‌లో చాలా ఊళ్లకు పాకింది, చేపలూ బాగా పెరిగాయి. మీ గైడ్‌కి ఇది చూపించండి.

జవాబు 2:
పైన చెప్పిన ఉదాహరణ నాకూ చాలా ఇష్టం, కానీ "శాస్త్రం లెక్కతో సరిపోయింది కాబట్టి నమ్ముదాం" అన్న దగ్గరే ఆగిపోకండి. మమిరావాలో చేపలు పెరిగింది లెక్క ఒక్కదాని వల్లే కాదు, ఏ సరస్సులో వేటాడాలి, దేన్ని వదిలేయాలి అని తేల్చుకుని కాపలా కాసేది ఆ ఊళ్లవాళ్లే కావడం వల్ల కూడా. బయటి పడవలొచ్చి ఊడ్చుకుపోతుంటే లెక్క ఎంత నిక్కచ్చిగా ఉండి ఏం లాభం? అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం సంగతి చూడండి. 1850లలోనే ప్రభుత్వంతో ఒప్పందాల్లో రాసుకున్న చేపల వేట హక్కు కోసం అక్కడి ఆదివాసీ తెగలు అరెస్టులై, పడవలు, వలలు పోగొట్టుకున్నాయి. 1974లో జడ్జి జార్జ్ బోల్ట్, పట్టదగిన సాల్మన్ చేపల్లో సగం దాకా తెగల వాటా అని తీర్పిచ్చారు, సుప్రీంకోర్టు 1979లో దాన్ని చాలావరకు నిలబెట్టింది. ఆ తర్వాతే తెగలు రాష్ట్రంతో సమానంగా కూర్చుని వేట రోజులు, కోటాలు తేలుస్తున్నాయి. అంతకుముందు కూడా వాళ్లకు నది తెలుసు కదా, వినాల్సిన అవసరం ఎవరికీ రాలేదంతే.

జవాబు 3:
నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. నదిని మార్చేస్తే పాత గుర్తులు కొన్ని పనిచేయవు. ఆనకట్ట కట్టాక నీళ్లు వచ్చే కాలం మారుతుంది, వేడి మారుతుంది, చేప రావాల్సిన రోజుకి రాదు. అలాంటప్పుడు పెద్దవాళ్ల మాటకి తోడు థర్మామీటరూ కావాలి, రోగ పరీక్షలూ కావాలి. అమెరికాలోనే క్లామత్ నది దగ్గర యురోక్ అనే ఆదివాసీ తెగ తమ సొంత చేపల విభాగాన్నే పెట్టుకుంది. 2002 సెప్టెంబరులో నీళ్లు తక్కువై, వేడెక్కి, మొప్పల రోగం పాకి ఆ నదిలో కనీసం 34,000 చేపలు చచ్చి తేలాయి, ఆ ఫొటోలు చూస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. తెగలు ఏళ్ల తరబడి పోరాడగా 2024లో ఆ నది మీది నాలుగు ఆనకట్టల తొలగింపు పూర్తయింది, ఆ శరదృతువులోనే సాల్మన్ పాత ఆనకట్టల చోటు దాటి పైకి ఎక్కింది. అక్కడ జ్ఞాపకం, కొలతలు రెండూ ఒకే చేతుల్లో ఉన్నాయి, నాకు నచ్చింది అదే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థ్యాంక్స్. "ఈ తెలివిని కోటాలో ఎలా కలపాలి" అన్న నా ప్రశ్నను "కోటా ఎవరు తేలుస్తారు" అని మార్చుకోవాలనిపిస్తోంది. ఇంకొక్కటి, జాలరులతో ఇంటర్వ్యూలు చేసి గుడ్లు పెట్టే చోట్లన్నీ మ్యాప్‌లో గుర్తించాలనుకున్నాను. అందులో తప్పేమైనా ఉందా?

జవాబు 2:
ఉందండీ. ఆ మ్యాప్ బయటికొస్తే మొదట చేరుకునేది పెద్ద వలలవాళ్లే. ఏది రాయొచ్చో, ఏది ఊళ్లోనే ఉండాలో ముందు వాళ్లనే అడగండి, రాసింది అచ్చుకి పోకముందు చదివి వినిపించండి, వద్దన్న చోట్లు తీసేయండి. పేరు వేయమంటే వేయండి, వద్దంటే వదిలేయండి. ఇంటర్వ్యూలు మొదలుపెట్టే ముందే గైడ్‌తో ఈ విషయం తేల్చుకోండి, తర్వాతైతే కష్టం.