పిల్లల నోట పార్టీ మాట: గీత ఎక్కడ గీయాలి?

కత్తిరింపు:
వీడియోలు ఎడిట్ చేయడం నా వృత్తి. ఎన్నికలు వస్తే మాకు పనికి కొదవ ఉండదు. మొన్న ఒక ప్రచార వీడియో నా చేతికి వచ్చింది. ఆరేడేళ్ల పాప కెమెరా ముందు నిలబడి "మా నాన్నకు ఉద్యోగం ఎప్పుడు వస్తుంది?" అని అడగాలి. ఉన్నది ఆ ఒక్క వాక్యమే. దానికి పద్నాలుగు టేకులు తీశారు. మొదటి టేకుల్లో పాప నవ్వుతోంది, గౌను అంచు వేలికి చుట్టుకుంటోంది. పక్కనుంచి ఒక మగ గొంతు వాక్యం అందిస్తోంది. అందించిన ప్రతిసారీ ఆమె కళ్లు ఎడమవైపు పోతున్నాయి. పది టేకులు దాటాక నవ్వు ఆగిపోయింది. పదమూడోదానిలో గొంతు పూడుకుపోయింది. విసుగో, నిద్రో, రెండూనో. పార్టీవాళ్లు ఏరుకున్నది సరిగ్గా దాన్నే. "ఇందులో బాధ బాగా పలికింది" అన్నారు. అందించిన గొంతు తీసేయడం, కళ్లు పక్కకు పోయిన చోట వేరే దృశ్యం అతికించడం నా వంతు. చేసి ఇచ్చాను. డబ్బూ తీసుకున్నాను.

ఏ పార్టీ అన్నది వదిలేయండి, అన్నిటిదీ అదే దారి. నా ప్రశ్న ఇది: ప్రచారంలో పిల్లలను వాడుకోవడం పూర్తిగా మాన్పించాలా, వద్దా? మాన్పించాలనే నేనంటాను. ఆ పాపకు తండ్రి ఉద్యోగం గురించి బెంగ ఉందో లేదో నాకు తెలియదు. వీడియోలో వినిపించే బాధ మాత్రం పదమూడు టేకుల అలసట.

ఎదురుగాలి:
కత్తిరింపు గారూ, మీరు చెప్పింది చదివితే మనసు చివుక్కుమంది. అయినా మీ పరిష్కారం ఎలుకలకు భయపడి ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంది.

1963 మే నెలలో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. వర్ణవివక్షకు వ్యతిరేకంగా వెయ్యిమందికి పైగా నల్లజాతి విద్యార్థులు బడి మానేసి వీధిలోకి వచ్చారు. మొదటిరోజే వందల మందిని అరెస్టు చేశారు. మర్నాడు వాళ్ల మీదికి అగ్నిమాపక గొట్టాలతో నీళ్లు చిమ్మారు, పోలీసు కుక్కలను వదిలారు. పిల్లలను ముందు నిలబెట్టడం గురించి ఆ ఉద్యమ నేత మార్టిన్ లూథర్ కింగ్ మొదట తటపటాయించారు. మరో నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ అయితే బాహాటంగానే విమర్శించారు. కానీ ఆ ఫొటోలు దేశాన్ని కదిలించాయి. మరుసటి ఏడాది పౌర హక్కుల చట్టం రావడంలో ఆ ఉద్యమానికి పెద్ద పాత్రే ఉంది. మీ నిషేధం ఆనాడే ఉంటే ఆ పిల్లలను ఇంటికి పంపేవారా?

ఇంకొకటి. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఉంది. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని, వయసుకూ పరిణతికీ తగినట్టు దానికి విలువ ఇవ్వాలని అందులో ఉంది. వాళ్లకు ఓటు ఎలాగూ లేదు. నోరు కూడా ఉండకూడదా?

పాత పేపర్లు:
అదే ఒడంబడికలో 16వ అధికరణం కూడా ఉంది ఎదురుగాలి గారూ. పిల్లల గోప్యతలో అన్యాయంగా జోక్యం చేసుకోకూడదని. ఆ రెండూ ఢీకొన్న సంఘటన ఒకటి చెబుతాను.

1992లో బ్రిటన్‌లో ఎన్నికలు. ప్రతిపక్షంలో ఉన్న లేబర్ పార్టీ టీవీలో ఒక ప్రచార చిత్రం వేసింది. ఇద్దరు ఆడపిల్లలకు ఒకటే చెవి సమస్య. ఒకరి కుటుంబం డబ్బు కట్టి వెంటనే ఆపరేషన్ చేయించుకుంటుంది, మరొకరు ప్రభుత్వ ఆస్పత్రిలో తన వంతు కోసం నెలల తరబడి ఎదురుచూస్తుంది. తెర మీద ఉన్నది నటులే. కానీ కథకు ఆధారం నిజమైన ఒక పాప. ఆమె తండ్రి పార్టీకి రాసిన ఉత్తరం నుంచి పుట్టిన కథ అది. ఒకటి రెండు రోజుల్లోనే పాప పేరు బయటికి పొక్కింది. తండ్రి లేబర్ వైపు, తల్లి అధికార పక్షమైన కన్జర్వేటివ్ వైపు అని తేలింది. ఇక చూడండి. ఆస్పత్రిలో నిరీక్షణ ఎందుకు ఇంత దీర్ఘమైందన్న చర్చ మూలపడింది. పేరు ఎవరు బయటపెట్టారు, ఆలస్యానికి అసలు కారణం డబ్బు కొరతేనా అన్న రగడతోనే ప్రచారంలో విలువైన రోజులు గడిచిపోయాయి. ఆ ఎన్నికల్లో లేబర్ ఓడింది. ఓటమికి అదొక్కటే కారణమని నేననను.

పేరు చెప్పకుండా, ముఖం చూపకుండా, ఎంత జాగ్రత్త పడినా ఆ గొడవ అయిదేళ్ల పిల్ల గుమ్మం దాకా వచ్చింది. ఆమెను ఎవరైనా అడిగారా? అయిదేళ్ల పిల్లను అడిగినా ఏం చెబుతుంది?

తాటాకు చప్పుడు:
ఇన్ని అధికరణాలు వల్లించనక్కర్లేదు. పిల్లలను ఎందుకు పెడతారో అందరికీ తెలుసు. నాయకుడు చెబితే ఎదురు ప్రశ్న వేస్తాం, పాప చెబితే నోరు మూసుకుంటాం.

1964 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిండన్ జాన్సన్ కోసం తీసిన ప్రకటన ఉంది కదా. చిన్నపిల్ల పువ్వు రేకలు పీకుతూ అంకెలు లెక్కపెడుతుంది. ఆపైన పెద్దల గొంతు సున్నా దాకా వెనక్కి లెక్కపెడుతుంది, అణుబాంబు పేలుతుంది. ప్రకటనగా డబ్బు కట్టి ప్రసారం చేసింది ఒక్కసారే, సెప్టెంబర్ 7న. మిగతా ప్రచారమంతా వార్తా కార్యక్రమాలే ఉచితంగా చేసిపెట్టాయి. అందులో ప్రత్యర్థి గోల్డ్‌వాటర్ పేరు కూడా వినిపించదు. ఇంకో విషయం గమనించండి: ఆ పిల్ల అంకెలు తప్పుతుంది, అయిదు తర్వాత ఏడంటుంది. ఆ తప్పులను తీసేయలేదు. తప్పు చెబితేనే కదా నిజంగా పసిపిల్ల అనిపించేది! కత్తిరింపు గారి పదమూడో టేకుకు తాత అది.

ఇద్దరు పిల్లల తల్లి:
మీరంతా వీడియోల దగ్గరే ఆగిపోయారు. నేను ఒక ఊరేగింపుకు మా అబ్బాయిని వెంట తీసుకెళ్లాను. ఇంట్లో వదిలి రావడానికి ఎవరూ లేక. వాడి చేతికి ఎవరో చిన్న జెండా ఇచ్చారు, సరదాగా ఊపాడు. మర్నాడు ఆ ఫొటో పార్టీ పేజీలో "భవిష్యత్తు మాతోనే" అన్న మాటతో కనిపించింది. వాడి భవిష్యత్తు ఎవరితోనో నాకే తెలియదు! నేను చేసిందీ ఆ పేజీవాళ్లు చేసిందీ ఒకటేనా?

భారత ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరి 5న ఇచ్చిన ఆదేశాల్లో ఈ తేడా ఉంది. పిల్లలతో నినాదాలు చేయించడం, కరపత్రాలు పంచించడం, పాట గానీ పద్యం గానీ చెప్పించడం, నాయకులు వాళ్లను ఎత్తుకుని ఊరేగడం అన్నీ కూడదన్నారు. తల్లిదండ్రుల వెంట ఉన్న పిల్లవాడు నాయకుడి దగ్గర కేవలం కనిపించడం, ప్రచారంలో పాల్గొనకపోతే, ఉల్లంఘన కాదన్నారు. కాగితం మీద గీత బాగానే ఉంది. మా వాడి చేతికి జెండా ఇచ్చిన క్షణంలో ఆ గీత దాటామా? అప్పుడు నేను ఫోనులో మాట్లాడుతున్నాను, చూడనే లేదు.

ఎదురుగాలి:
తల్లి గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. పాత పేపర్లు గారు చెప్పిన సంఘటన తర్వాత నేను కొంత వెనక్కి తగ్గుతున్నాను. అయిదేళ్ల పిల్లకూ పదహారేళ్ల విద్యార్థికీ ఒకే నియమం పెట్టవద్దు, అంతవరకు నా మాట మీద నిలబడతాను. ఆస్ట్రియాలో పదహారేళ్లకే ఓటు ఉంది. అక్కడ ఆ వయసు వాళ్లను ప్రచారంలోకి రావద్దనడం అర్థం లేని మాట. వద్దనాల్సింది పిల్ల మాట్లాడటాన్ని కాదు, పిల్లకు మాట అందించడాన్ని.

కత్తిరింపు:
ఎదురుగాలి గారూ, అందించడం అన్న మాట దగ్గర మీరూ నేనూ కలిశాం. బర్మింగ్‌హామ్ పిల్లలు నడిచింది తమకు మూసేసిన తలుపుల కోసం. వాళ్లలో ఏడెనిమిదేళ్ల వాళ్లూ ఉన్నారు కాబట్టి నాకు అక్కడ కూడా పూర్తిగా మనసొప్పదు. కానీ ఆ నినాదాన్ని పదమూడుసార్లు తీసి, ఏడుపు గొంతున్నది ఏరుకున్నవాళ్లు లేరు. నా వీడియో సంగతి వేరు. ఎన్నికలయ్యాక దాన్ని తీసేయమని అడిగాను. "అప్పటికి ఎవరు చూస్తారులెండి" అన్నారు. అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో, ఇక తీసేస్తే మాత్రం పోతుందా?

పాత పేపర్లు:
తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తప్పనిసరి చేస్తే చాలని కొందరంటారు. ఆ చిత్రీకరణ రోజున పాప తల్లిదండ్రులు అక్కడ లేరా?

కత్తిరింపు:
చిత్రీకరించినవాళ్లను నేనూ అదే అడిగాను. అనుమతి పత్రం ఉంది, సంతకం ఉంది. పక్కనుంచి వాక్యం అందిస్తున్న గొంతు వాళ్ల నాన్నదే. ఆయనకు నిజంగానే ఉద్యోగం లేదట.